పెద్దోడు, నడిపోడు, చిన్నోడు: యునిక్స్ డిస్కుల పేర్ల కథ

మా కొండకర్ల వైపు ఒక ఇంట్లో ముగ్గురు మగపిల్లలుంటే వాళ్ల అసలు పేర్లు స్కూలు రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడవు. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు, అంతే. ఇంట్లో ఈ పిలుపు చక్కగా పనిచేస్తుంది. అదే పిలుపు పట్టుకుని వీధిలోకి వెళ్లి "నడిపోడు ఉన్నాడా?" అంటే "ఏ ఇంటి నడిపోడు?" అంటారు. పోనీ అసలు పేరు చెబుదామంటే సింహాచలం అప్పన్న దయవల్ల అప్పలనాయుళ్లు, అప్పలరాజులు, అనకాపల్లి నూకాలమ్మ దయవల్ల నూకరాజులు, నూకరత్నాలు వీధికి నలుగురు దొరుకుతారు. అందుకని "ఆవగట్టు దగ్గర అప్పలనాయుడు" అని చోటు కలిపి చెప్పాలి. ఆయన ఇల్లు మారి రోడ్డు పక్కకి వచ్చేస్తే? మరో పదేళ్లపాటు ఆయన ఆవగట్టు అప్పలనాయుడే!

ఇందులో మూడు పద్ధతులున్నాయి. ఒకటి వరసని బట్టి పేరు. రెండోది చోటుని బట్టి పేరు. మూడోది మనిషిని బట్టి, అంటే ఎక్కడున్నా ఎన్నోవాడైనా మారని గుర్తు. యునిక్స్, దాని పిల్లలు, మనవలు యాభై ఏళ్లకి పైగా ఈ మూడింటి మధ్యే ఊగిసలాడుతున్నాయి. పైకి ఇది చిన్న విషయంలాగే కనిపిస్తుంది. కానీ తప్పు పేరు మీద ఫార్మాట్ కమాండ్ కొడితే పోయేది డేటా. అందుకే ఈ కథ చెప్పుకోవాలనిపించింది.

యునిక్స్‌కి వెళ్లేముందు మనందరికీ తెలిసిన సీ డ్రైవ్, డీ డ్రైవ్ సంగతి చూద్దాం. సీలో విండోస్, డీలో పాటలు, ఈలో సినిమాలు. 2000ల్లో కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంట్లో అమల్లో ఉన్న రాజ్యాంగం ఇది :-) ఏ, బీలు ఫ్లాపీలవి. ఈ అక్షరాల అలవాటు డాస్‌కి సీపీ/ఎం నుంచి వచ్చింది. డాస్ అక్షరాలు పంచే తీరు ఇలా ఉండేది: ముందు ఒక్కో డిస్కులోని ప్రైమరీ పార్టిషన్‌కి వరసగా ఇచ్చి, ఆ తరవాతే లాజికల్ డ్రైవుల దగ్గరికి వచ్చేది. అందుకని ప్రైమరీ పార్టిషన్ ఉన్న రెండో హార్డ్‌డిస్కు తగిలించగానే, నిన్నటి దాకా డీ అనుకున్నది ఈ అయిపోయేది. పాటలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి, వాటి చిరునామా మారింది. ఇది పూర్తిగా వరస పద్ధతి. కొత్తవాడు మధ్యలో పుడితే నడిపోడు చిన్నోడైపోతాడన్నమాట.

ఇక యునిక్స్. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టారు. మొదటి మాన్యువల్ మీద ఉన్న తేదీ 1971 నవంబరు 3. వీళ్లు చేసిన గొప్ప పని ఏంటంటే, పరికరాన్ని కూడా ఫైలులాగే చూడటం. డిస్కు, టేపు, టెర్మినల్ అన్నింటికీ /డెవ్ అనే డైరెక్టరీలో ఒక్కో ప్రత్యేక ఫైలు ఉంటుంది. దాన్ని మామూలు ఫైలులాగే తెరవొచ్చు, చదవొచ్చు, రాయొచ్చు. 1974లో ఏసీఎం పత్రికలో రాసిన వ్యాసంలో ఇద్దరూ దీని లాభాలు మూడు చెప్పారు. ఫైలుతో పని, పరికరంతో పని దాదాపు ఒకేలా ఉంటాయి. రెండింటి పేర్లకీ ఒకటే వ్యాకరణం కాబట్టి ఫైలు పేరు అడిగే ప్రోగ్రాముకి పరికరం పేరు ఇచ్చినా నడుస్తుంది. ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరు ముట్టుకోకూడదు అనే కట్టుబాట్లు కూడా రెండింటికీ ఒకటే.

ఇంత అందమైన ఆలోచనలో పేర్లు మాత్రం చాలా మోటుగా పెట్టారు. /డెవ్/ఆర్ఎఫ్0, /డెవ్/ఆర్‌కే0. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కంపెనీ (డెక్) అమ్మిన డిస్కుల మోడల్ పేర్లలోంచి రెండక్షరాలు తీసుకుని పక్కన యూనిట్ నంబరు తగిలించారు. ఇంటిపేరు, దాని పక్కన ఎన్నోవాడో. మెషీన్‌లో ఉన్నవి ఒకటో రెండో డిస్కులు. వాటిని చూస్తున్నవాళ్లు అదే గదిలో కూర్చున్నవాళ్లు. ఇంట్లో పిలుపు చాలు కదా!

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ఆర్‌కే డిస్కులు తీసి పెట్టుకునే రకం. పెద్ద పళ్లెంలాంటి కార్ట్రిడ్జ్‌ని యంత్రంలో పెట్టేవాళ్లు, పనయ్యాక తీసి అలమరలో దాచేవాళ్లు. అంటే ఆర్‌కే0 అనేది డేటా ఉన్న పళ్లెం పేరు కాదు, పళ్లెం పెట్టే చోటు పేరు. ఈరోజు అందులో ఎవరి పళ్లెం ఉందో పేరు చూసి చెప్పలేం. చోటుకి పేరు పెట్టి, అందులో ఉన్నదాన్ని కూడా ఆ పేరుతోనే పిలిచే అలవాటు అక్కడ మొదలైంది. తరవాత వచ్చిన తిప్పలన్నీ దీని సంతానమే అని నా అభిప్రాయం.

సరే, ఒక డిస్కుని ముక్కలు చెయ్యడం, అంటే పార్టిషన్లు, ఎందుకొచ్చాయి? "ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుందని" అని కాలేజీలో మనకి ఒక జవాబు చెబుతారు. మొదటి కారణం అంత గొప్పది కాదు. 1975 నాటి ఆరో ఎడిషన్ యునిక్స్ డిస్కు బ్లాకు నంబరుని 16 బిట్లలో దాచేది. 16 బిట్లలో పట్టేవి 65,536 నంబర్లు. బ్లాకు 512 బైట్లు. గుణిస్తే 32 మెగాబైట్లు. కానీ డెక్ వాళ్ల ఆర్‌పీ03 డిస్కు సుమారు 40 మెగాబైట్లు! పళ్లెంలో ఉన్నంత అన్నం చెయ్యి అందుకోలేదు. దాంతో డిస్కుని ముక్కలుగా చూపించారు. ఆర్‌పీ0 నుంచి ఆర్‌పీ7 దాకా మొదటి డిస్కులోని ముక్కలు, ఆర్‌పీ8 నుంచి ఆర్‌పీ15 దాకా రెండో డిస్కువి. ఆర్‌పీ9 అంటే ఎనిమిదితో భాగించి చూసుకోవాలి: రెండో డిస్కులో రెండో ముక్క. (వాళ్లు లెక్క సున్నా నుంచి మొదలెడతారు, మర్చిపోకండి.)

పేరు ఇలా ఎందుకుందంటే లోపల ఉన్నది అదే. /డెవ్‌లోని ఫైలులో డేటా ఏమీ ఉండదు, రెండు సంఖ్యలుంటాయి. మేజర్ నంబరు ఏ డ్రైవర్ని పిలవాలో చెబుతుంది. మైనర్ నంబరు ఆ డ్రైవర్ కింద ఎన్నో పరికరమో చెబుతుంది. ఆర్‌పీ డ్రైవర్ మైనర్ నంబరులో కింది మూడు బిట్లు ముక్కకి, పైవి డిస్కుకి వాడుకుంది. మనం చూసే పేరు నిజానికి ఆ సంఖ్యలకి తొడిగిన చొక్కా. చొక్కా మార్చినా లోపలి మనిషి మారడు. ఇంకో సంగతి, ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో డిస్కు మీద రాసి లేదు, డ్రైవర్ కోడ్‌లోనే ఉంది. కొలతలు మార్చాలంటే కర్నెల్ మళ్లీ కంపైల్ చెయ్యాలి.

బర్క్‌లీ వాళ్లు (బీఎస్‌డీ) ఈ భాగాహారం భరించలేక అక్షరాలు తెచ్చారు. హెచ్‌పీ0ఏ, హెచ్‌పీ0బీ ఇలాగ. ఏ అంటే రూట్, బీ అంటే స్వాప్, సీ అంటే మొత్తం డిస్కు. చదవగానే తెలుస్తుంది. 1988లో 4.3 బీఎస్‌డీ టాహోతో డిస్క్‌లేబుల్ వచ్చింది. ముక్కల వివరాలు డిస్కు మీదే రాసి పెట్టడం మొదలైంది. నా దృష్టిలో ఇది పెద్ద మలుపు. అంతదాకా డిస్కు గురించి తెలిసింది డ్రైవర్‌కి, అప్పట్నుంచి డిస్కే తన గురించి తాను చెప్పుకోగలదు. పొలం హద్దులు కరణం గారి బుర్రలో ఉండటానికీ, పొలంలో రాళ్లు పాతి ఉండటానికీ ఉన్న తేడా ఇది.

సన్ కంపెనీ వాళ్ల దగ్గర ఇంకో తమాషా. వాళ్ల పాత సన్‌ఓఎస్‌లో ఎస్‌డీ0 అంటే మొదటి స్కజీ డిస్కు. కానీ స్పార్క్‌స్టేషన్లలో ఆ ఎస్‌డీ0 స్కజీ చిరునామా సున్నా కాదు, 3! సున్నా చిరునామాలో ఉన్నది ఎస్‌డీ3. 1992లో వచ్చిన సొలారిస్ 2 ఈ గందరగోళం తీసేసి పూర్తి చిరునామానే పేరుగా పెట్టింది: సీ0టీ3డీ0ఎస్0. ఎన్నో కంట్రోలర్, ఎన్నో టార్గెట్, ఎన్నో డిస్కు, ఎన్నో స్లైస్. చూడటానికి హైదరాబాద్ డోరు నంబరులా ఉంటుంది కానీ నిజాయితీ గల పేరు. మధ్యలో ఒక డిస్కు పీకేసినా మిగతావాటి పేర్లు మారవు. ఇది శుద్ధమైన చోటు పద్ధతి.

ఇప్పుడు మనవాడు లినక్స్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మినిక్స్ చూసి రాసుకున్నాడు కాబట్టి తొలి పేర్లు కూడా మినిక్స్ తరహావే. హెచ్‌డీ0 మొదటి డిస్కు మొత్తం, హెచ్‌డీ1 నుంచి 4 దాకా దాని పార్టిషన్లు, హెచ్‌డీ5 రెండో డిస్కు. కొద్దికాలానికే అది హెచ్‌డీఏ, హెచ్‌డీఏ1 అయింది. డిస్కుకి అక్షరం, పార్టిషన్‌కి అంకె. 1 నుంచి 4 ప్రైమరీలు, 5 నుంచి లాజికల్స్.

లినక్స్ తనకి తెలియకుండానే రెండు పద్ధతులు పక్కపక్కన పెట్టుకుంది. ఐడీఈ డిస్కులకి చోటు పద్ధతి: హెచ్‌డీఏ ప్రైమరీ మాస్టర్, హెచ్‌డీబీ ప్రైమరీ స్లేవ్, హెచ్‌డీసీ సెకండరీ మాస్టర్, హెచ్‌డీడీ సెకండరీ స్లేవ్. హెచ్‌డీఏ పీకేసినా హెచ్‌డీసీ హెచ్‌డీసీగానే ఉంటుంది. స్కజీ డిస్కులకి మాత్రం వరస పద్ధతి: ముందు కనిపించింది ఎస్‌డీఏ, తరవాతది ఎస్‌డీబీ. మధ్యలో ఒకటి లేచిపోతే వెనకవాళ్లందరూ ఒక మెట్టు ముందుకొస్తారు. ఇంట్లో వాడే మెషీన్లలో ఐడీఈయే ఎక్కువ కాబట్టి చాలామందికి ఈ తేడా పట్టలేదు.

2006-07లో పట్టింది. సాటా డిస్కుల కోసం జెఫ్ గార్జిక్ రాసిన లిబ్‌ఏటీఏ స్కజీ వ్యవస్థ మీద నిలబడింది. 2.6.19 కర్నెల్ నుంచి (2006 నవంబరు) పాత ఐడీఈ డిస్కులని కూడా దాని కిందకే తెచ్చుకునే వీలొచ్చింది. 2007లో ఫెడోరా 7, ఉబుంటు 7.04 ఆ దారి పట్టాయి. అప్‌గ్రేడ్ చేసి రీబూట్ చేస్తే హెచ్‌డీఏ లేదు, ఎస్‌డీఏ ఉంది! పాత పేరు బూట్‌లోడర్‌లోనో ఎఫ్ఎస్‌ట్యాబ్‌లోనో రాసి ఉన్నవాళ్లకి రూట్ ఫైల్‌సిస్టం దొరకలేదని కర్నెల్ చేతులెత్తేసింది. పైగా ఐడీఈకి ఒక డిస్కులో 63 పార్టిషన్ల దాకా మైనర్ నంబర్లుండేవి, స్కజీకి 15 మాత్రమే. ఎక్కువ ముక్కలు చేసుకున్నవాళ్లకి చివరివి కనపడలేదు. 2.6.28లో (2008) దానికి దారి చూపించారు. పాత ఐడీఈ డ్రైవర్ని 2021లో 5.14 కర్నెల్‌తో పూర్తిగా తీసేశారు.

దీన్ని మావాళ్లకి చెప్పడం సులువు. 2022 ఏప్రిల్ 4 ముందు కొండకర్ల విశాఖపట్నం జిల్లాలో ఉంది. ఆ రోజు నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. ఊరు అంగుళం కదల్లేదు. ఆవ అక్కడే ఉంది, చలికాలం పక్షులు అక్కడికే వస్తున్నాయి. కానీ పాత దస్తావేజుల్లో, సర్టిఫికెట్లలో విశాఖపట్నం జిల్లా అచ్యుతాపురం మండలం అని ఉంటుంది. చదివేది మనిషైతే అర్థం చేసుకుంటాడు. కంప్యూటర్ ఆ జిల్లా జాబితాలో ఆ ఊరు లేదంటుంది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో హెచ్‌డీఏ1 అని రాసుకున్నవాడి పరిస్థితి అచ్చంగా ఇదే. డిస్కు మారలేదు, డేటా మారలేదు, మధ్యలో ఉన్న పాలనా వ్యవస్థ మారింది. పేరులో ఆ వ్యవస్థని కలిపేసుకోవడం వల్ల వచ్చిన చిక్కు.

ఈలోగా ఇంకో యుద్ధం జరిగింది. అప్పట్లో /డెవ్ నిండా లేని పరికరాల పేర్లు ముందే చేసి పెట్టి ఉంచేవాళ్లు. ఎప్పుడైనా తగిలిస్తే పనికొస్తాయని వేలకొద్దీ ఫైళ్లు. రిచర్డ్ గూచ్ రాసిన డెవ్ఎఫ్ఎస్ 2000లో కర్నెల్‌లోకి వచ్చింది. ఉన్నవాటినే చూపించేది, పేర్లు సొలారిస్ తరహాలో హోస్ట్, బస్, టార్గెట్ అంటూ పొడుగ్గా ఉండేవి. కానీ పేర్లు కర్నెల్ లోపలే నిర్ణయించడం చాలామందికి నచ్చలేదు. 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ యూడెవ్ తెచ్చాడు. కొత్త పరికరం వచ్చిందని కర్నెల్ కబురు చెబుతుంది, ఏ పేర్లతో పిలవాలో బయట ఉన్న నియమాలు చూసుకుంటాయి. 2006లో 2.6.18 కర్నెల్‌తో డెవ్ఎఫ్ఎస్ కథ ముగిసింది.

యూడెవ్ వల్ల వచ్చిన అసలు లాభం ఒకే డిస్కుకి ఎన్ని పేర్లైనా ఉండొచ్చనేది. /డెవ్/డిస్క్ లోపలికి వెళ్లి చూడండి. బై-పాత్ అంటే చోటుని బట్టి పేరు. బై-ఐడీ అంటే తయారీ కంపెనీ మోడల్, సీరియల్ నంబరు బట్టి. బై-లేబుల్ అంటే మనం పెట్టుకున్న ముద్దుపేరు. బై-యూయూఐడీ అంటే ఫైల్‌సిస్టం పుట్టినప్పుడు దాని ఒంటి మీద పొడిచిన 128 బిట్ల పచ్చబొట్టు. అన్నీ చివరికి ఎస్‌డీఏ1 లాంటి దాని వైపే వేలు చూపిస్తాయి. ఎస్‌డీఏ1 ఎప్పుడైనా మారొచ్చు, వేళ్లు మాత్రం సరైనదాన్నే చూపిస్తాయి.

లేబుళ్లు అంతకుముందే ఉన్నాయి. రెడ్‌హ్యాట్ ఇన్‌స్టాలర్ రూట్ పార్టిషన్‌కి "/" అని లేబుల్ పెట్టి ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో అదే రాసేది. బాగానే ఉంది. కానీ ఒక మెషీన్ పాడైందని దాని డిస్కు తెచ్చి ఇంకో రెడ్‌హ్యాట్ మెషీన్‌కి తగిలిస్తే? రెండింటి లేబులూ "/". వీధిలో ఇద్దరు అప్పలనాయుళ్లు! ఏది రూట్ అవుతుందో అదృష్టం. అందుకే 2006 అక్టోబరులో ఉబుంటు 6.10 ఎఫ్ఎస్‌ట్యాబ్‌ని యూయూఐడీలకి మార్చింది. చదవడానికి ఘోరంగా ఉంటుంది, నోటితో ఫోన్లో చెప్పలేం, కానీ ఇద్దరికి ఒకటే వచ్చే అవకాశం లేనట్టే.

ఇదంతా పాతకాలపు గొడవ, ఇప్పుడెందుకు అంటారా? నాకు తెలిసిన ఒక చిన్న ఆఫీసులో (పేరు వద్దు) వారానికోసారి నడిచే ఒక స్క్రిప్టు ఉండేది. ఎస్‌డీబీని ఫార్మాట్ చేసి, డేటా డిస్కుని దాని మీదకి కాపీ చెయ్యడం దాని పని. ఏళ్ల తరబడి నడిచింది. ఒకరోజు సర్వర్‌కి కొత్త డిస్కు ఒకటి చేర్చారు. రీబూట్ తరవాత వరస మారి డేటా డిస్కే ఎస్‌డీబీ అయింది. ఆదివారం రాత్రి స్క్రిప్టు తన పని తాను నమ్మకంగా చేసింది. పాత బ్యాకప్ పక్క డిస్కులో బతికే ఉంది కాబట్టి ఆ వారం పని మాత్రమే పోయింది. ఆ వారం బిల్లులన్నీ కాగితాలు చూసి మళ్లీ కొట్టారు. స్క్రిప్టులో బగ్ ఏమీ లేదు, చెప్పిందే చేసింది. "రెండోవాడిని చెరిపెయ్" అని చెప్పారు, చెరిపింది. "బ్యాకప్ డిస్కుని చెరిపెయ్" అని ఎవరూ దానికి చెప్పలేదు.

అయితే యూయూఐడీయే మోక్షమా అంటే అదీ కాదు. డీడీతో ఒక డిస్కుని ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి దించితే పచ్చబొట్టు కూడా దిగుతుంది. ఇద్దరికీ ఒకటే యూయూఐడీ. ఎక్స్ఎఫ్ఎస్ అయితే ఒకే యూయూఐడీ ఉన్న రెండోదాన్ని మౌంట్ చెయ్యనని మొరాయిస్తుంది, చాలామంచి పని. మళ్లీ ఫార్మాట్ చేస్తే యూయూఐడీ కొత్తది వస్తుంది, పాతది రాసుకున్న చోట్లన్నీ మార్చాలి. వర్చువల్ మెషీన్లు ఒకే అచ్చులోంచి తీసే ఈ రోజుల్లో కవలలు సర్వసాధారణం.

పైగా కొన్నిసార్లు చోటే కావాలి. 24 డిస్కులున్న సర్వర్‌లో రెయిడ్-5లో ఒకటి చచ్చిపోయింది. దాన్ని పీకి కొత్తది పెట్టాలి. మన చెయ్యి వెళ్లాల్సింది ఒక అరలోకి కదా! ఎస్‌డీకే పోయిందంటే ఎన్నో అర? అక్కడ యూయూఐడీ పనికిరాదు. పొరపాటున బతికున్నదాన్ని పీకితే మొత్తం అర్రే కూలిపోతుంది. అక్కడ బై-పాత్, డిస్కు మీద అతికించిన సీరియల్ నంబరు, ఈ రెండూ చూసుకునే చెయ్యి పెట్టాలి.

క్లౌడ్‌లో పేర్లు ఇంకా విచిత్రం. అమెజాన్ కన్సోల్‌లో ఎస్‌డీఎఫ్ అని తగిలిస్తే పాత జెన్ మెషీన్ లోపల ఎక్స్‌వీడీఎఫ్ అని, నైట్రో మెషీన్ అయితే ఎన్‌వీఎంఈ1ఎన్1 అని కనిపిస్తుంది. ఆ ఎన్‌వీఎంఈ పేరులో మొదటి అంకె కంట్రోలర్, రెండోది నేమ్‌స్పేస్, పీ పక్కది పార్టిషన్. చూడటానికి సొలారిస్ చిరునామాలాగా నికరంగా ఉంటుంది కానీ ఆ కంట్రోలర్ అంకె కూడా కర్నెల్ గుర్తుపట్టిన వరసే. చోటు వేషం వేసుకున్న వరస. నమ్మి స్క్రిప్టులో రాసుకోకండి.

ఈ చరిత్రంతా చూశాక నాకర్థమైనది ఒక్కటే. మంచి పేరు, చెడ్డ పేరు అని విడిగా ఉండవు. ఒక్కో పేరు ఒక్కో ప్రశ్నకి జవాబు. ఎస్‌డీఏ అనేది "ఇప్పుడు ఈ బూట్‌లో ఎన్నోది?" అనే ప్రశ్నకి జవాబు. బై-పాత్ "ఎక్కడుంది?"కి, బై-ఐడీ "ఏ వస్తువు?"కి, యూయూఐడీ "అందులో ఉన్నదేంటి?"కి. థాంప్సన్, రిచీల గదిలో నాలుగు ప్రశ్నలకీ ఒకటే జవాబు సరిపోయింది, ఎందుకంటే వాళ్ల కళ్లముందే డిస్కు ఉంది. మన మెషీన్లు మన కళ్లముందు లేవు. ఒక ప్రశ్నకి వచ్చిన జవాబుని ఇంకో ప్రశ్నకి వాడినప్పుడల్లా ఎవరిదో ఒకరి డేటా పోతుంది.

కాబట్టి ఈ ఆదివారం ఒక అరగంట ఈ పని చేసి చూడండి. మీ స్క్రిప్టుల్లో ఎస్‌డీ అనే అక్షరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో గ్రెప్ కొట్టి వెతకండి. మౌంట్ చేసేచోట యూయూఐడీ గానీ, మీరే పెట్టుకున్న తేడాగా ఉండే లేబుల్ గానీ రాయండి. ఫార్మాట్ చేసే స్క్రిప్టయితే బై-ఐడీ రాసి, చెరిపేముందు అది సరైన డిస్కేనా అని ఇంకో గుర్తుతో సరిచూసే ఒక్క లైను కలపండి. పెన్‌డ్రైవ్‌లోకి డీడీ కొట్టేముందు ఎల్ఎస్‌బ్లాక్ చూసి సైజు పోల్చుకోండి, ఎందుకంటే పెన్‌డ్రైవూ ఎస్‌డీయే, మీ పెళ్లి ఫోటోలున్న డిస్కూ ఎస్‌డీయే. గ్రెప్‌లో ఎన్ని దొరికాయో వ్యాఖ్యల్లో చెప్పండి. ఎక్కువ దొరికినవాళ్లని ఎవరూ ఏమీ అనరు :-)